మొదటి ఓడ ప్రయాణం: ఎన్ని రాత్రులు?

విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనక, చుట్టాల్లో ఎవరింట్లో క్రూజ్ ఊసు లేచినా ఫోను నాకే వస్తుంది. “బాబాయ్, ఏ ఓడ మంచిది? బాల్కనీ గది తీసుకోమంటావా?” అని అడుగుతారు. ఎన్ని రాత్రులు వెళ్లాలన్నది మాత్రం అప్పటికే తేల్చేసుకుని ఉంటారు. సెలవు ఎంత దొరికితే అంత, లేకపోతే ఏది చవగ్గా కనిపిస్తే అది. నన్నడిగితే అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది దాని గురించే. గది కాస్త ఇరుకైనా, ఓడ కాస్త పాతదైనా సర్దుకుపోతాం. రోజుల లెక్క తప్పితే సర్దుకునే దారి లేదు. నడిసముద్రంలో దిగిపోతామంటే కుదరదు కదా.

పెద్దవాళ్లూ పసివాళ్లూ ఉన్న ఇంట్లో మొదటి ప్రయాణం చేదైతే ఇక ఆ ఇంట్లో ఓడ మాట ఎవరూ ఎత్తరు. అలా కాకూడదనే నా ఆరాటం. సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగి, దాని మీద ఒక్క రాత్రి గడపకుండానే కాలం చేసినవాళ్లు మన తీరం ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఇప్పుడు ఆ అవకాశం మధ్యతరగతి ఇంటి దాకా వచ్చింది. నా మాట ముందే చెబుతున్నాను. మొదటిసారి కుటుంబంతో వెళ్లేవాళ్లు మూడు రాత్రులకు తగ్గొద్దు, ఐదుకు మించొద్దు. నాలుగు దొరికితే అదే తీసుకోండి.

1. రాత్రులు పక్కనపెట్టి నిండు పగళ్లు లెక్కపెట్టండి

కంపెనీలు “రెండు రాత్రులు, మూడు పగళ్లు” అని రాస్తాయి. ఆ మూడు పగళ్లు ఎక్కడికి పోతాయో చూడండి. ఎక్కే రోజు టెర్మినల్‌లో వరస, సామాను స్కానింగ్, కాగితాలు చూపించడం, గది వెతుక్కోవడం ఉంటాయి. తర్వాత భద్రతా డ్రిల్. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగాక నిబంధన గట్టిపడింది. 2015 నుంచి ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో ఆ డ్రిల్ అయిపోవాలి. లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో అందులో చెబుతారు. దయచేసి దాన్ని తప్పించుకోవాలని చూడకండి, పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని శ్రద్ధగా వినండి. అదంతా అయ్యేసరికి సాయంత్రమవుతుంది.

ఇక దిగే రోజు. ముందు రాత్రే పెద్ద పెట్టెలు సర్ది గది బయట పెట్టమంటారు. తెల్లారాక టిఫిను చేసి, తొమ్మిదీ పదింటికల్లా ఒడ్డున ఉండాలి. కాబట్టి రెండు రాత్రుల ప్రయాణంలో నికరంగా చేతికొచ్చేది ఒక్క పగలు. మూడు రాత్రులకు రెండు, నాలుగింటికి మూడు, ఏడింటికి ఆరు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ముంబై దాకా అందరినీ తీసుకెళ్లి, ఒక రోజు ముందే చేరి హోటల్లో దిగి, ఇంతా చేసి ఒక్క పగలు గడిపి రావడం నాకు నచ్చదు. పైగా వారాంతంలో రెండు రాత్రుల ఓడల్లో ఆఫీసు బృందాలు, స్నేహితుల గుంపులు ఎక్కువ. పాటల హోరు అర్ధరాత్రి దాటినా ఆగదు. కుర్రవాళ్లకు అది పండగే, కాదనను. అమ్మమ్మను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు కాదు.

మన తీరంలో తిరిగిన కార్డేలియా వారి ఎంప్రెస్ ఓడను 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. అమెరికాలో మయామి నుంచి బహామాస్ దీవులకు మూడు నాలుగు రాత్రుల ప్రయాణాల కోసమే ఆ ఓడను రూపొందించారు. కొత్తవాళ్లకు ఎన్నాళ్లు సరిపోతుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు అప్పుడే లెక్క కట్టారన్నమాట.

2. మొదటి రోజు మీ చేతిలో ఉండదు

సముద్రం మీద కడుపులో తిప్పడం జబ్బు కాదు. కంటికి గది గోడలు కదలనట్టే కనిపిస్తాయి. చెవి లోపల తూకం చూసే భాగానికి మాత్రం కదలిక తెలుస్తుంది. రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది, ఆ తికమకే వికారం. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒంటికి అలవాటై అదే పోతుంది.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ నడిచేది. ఆ ఊరిని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ కుటుంబాలు అందులోనే రాకపోకలు సాగించేవి. రెండు రోజులు దాటిన ప్రయాణం. దిగినవాళ్లతో మాట్లాడితే అందరిదీ ఇంచుమించు ఒకటే కథ. మొదటి రోజు బెర్తు మీద ముసుగుతన్ని పడుకోవడం. రెండో రోజు టీ, బన్ను. మూడో రోజు డెక్ మీద కబుర్లు, పేకాట, పిల్లల పరుగులు. ఎలాంటి సదుపాయాలూ లేని ఆ ఓడలో బంకు టికెట్ కొనుక్కున్న కూలీ కుటుంబాలకూ, ఇప్పుడు విలాసంగా తిరిగేవాళ్లకూ ఈ విషయంలో తేడా లేదు. ఒళ్లు ఒళ్లే.

రెండు రాత్రుల ప్రయాణంలో ఒంటికి ఓడ అలవాటు పడబోయే వేళకి దిగాల్సి వస్తుంది. ఇంటికొచ్చి “మాకు సముద్రం పడదు” అంటారు. నిజానికి పడేదాకా వాళ్లు ఉండలేదు. నేను మూడుకు తగ్గొద్దనడానికి అసలు కారణం ఇదే.

పాపికొండల లాంచీలో ఏమీ కాలేదు కాబట్టి ఇక్కడా ఏమీ కాదని ధీమా పడకండి. గోదావరి నీరు వేరు, బంగాళాఖాతం పోటు వేరు. అలాగని బస్సులో వాంతి చేసుకునే పిల్ల ఓడలోనూ చేసుకుంటుందని ఖాయంగా చెప్పలేం. పెద్ద ఓడలకు పక్కలకు ఒరగకుండా కాపాడే రెక్కలుంటాయి. గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. అవోమిన్ లాంటి మాత్ర వికారం మొదలయ్యాక కంటే ఓడ కదలకముందే వేసుకుంటే పనిచేస్తుంది. దానికి నిద్రమత్తు ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకూ పిల్లలకూ డాక్టరును అడిగే ఇవ్వండి.

3. ఇంట్లో అందరికంటే ముందు అలిసేది ఎవరో, రోజుల లెక్క వాళ్లది

మన ఇళ్లలో టికెట్ కొనే కొడుకు ఓపికను బట్టి రోజులు నిర్ణయమవుతాయి. వాడికి నలభై ఏళ్లు, మోకాళ్లు గట్టివి. వాళ్లమ్మ సంగతి అలా కాదు. రెండు వందల మీటర్లు దాటిన ఓడలో ఈ కొస గది నుంచి ఆ కొస భోజనశాల దాకా రోజుకు మూడు నాలుగుసార్లు నడవాలి. భోజనాల వేళ లిఫ్టుల దగ్గర గుంపు. “పర్లేదురా, నాకేం” అని ఆవిడ మొదటి రెండు రోజులూ నెట్టుకొస్తుంది. నాలుగో రోజుకు గదిలోంచి బయటికి రాదు. అడిగితే “మీరు వెళ్లండి, నేను ఇక్కడే కూర్చుని సముద్రం చూస్తాను” అంటుంది. ఆ మాట విన్నప్పుడు ఆవిడకు అలసట వచ్చిందని అర్థం చేసుకోండి. బుక్ చేసేటప్పుడే ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, అందరి ముందూ కాదు. నలుగురిలో మన పెద్దవాళ్లు వద్దనరు.

మందుల విషయం కూడా రోజులతో ముడిపడిందే. బీపీ, షుగర్ మాత్రలు ప్రయాణం రోజులకంటే ఇంకో వారానికి సరిపడా చేతిసంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలో పెట్టకండి. ఓడలో డాక్టరు ఉంటాడు, ఫీజు మాత్రం విడిగా, బాగానే తీసుకుంటారు. అంతకు మించిన వైద్యం కావాలంటే ఒడ్డు చేరాలి. గుండె ఆపరేషనో, ఈమధ్యే ఆస్పత్రిలో ఉండి రావడమో జరిగిన మనిషి ఉంటే, డాక్టరు సరేనంటేనే, తీరం వెంబడి వెళ్లే మూడు రాత్రుల ప్రయాణం చాలు. విదేశీ ప్రయాణమైతే ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా భరించే బీమా తీసుకోండి.

పసిపిల్లల సంగతికొస్తే, పెద్ద కంపెనీల్లో చాలావాటికి ఆరు నెలలు నిండిన బిడ్డయితేనే ఎక్కనిస్తారు. వరసగా మూడు రోజులో, అంతకు మించో సముద్రంలోనే ఉండే ప్రయాణాలకు కొన్ని కంపెనీలు ఏడాది నిండాలంటాయి. గర్భిణులకు సాధారణంగా 24వ వారం వస్తే అనుమతి లేదు. ఆ లెక్క ఎక్కేనాటికి కాదు, దిగేనాటికి చూస్తారు. నాలుగు రాత్రులకు సరిపోయిన అమ్మాయిని ఏడు రాత్రులకు తీసుకోకపోవచ్చు. డబ్బు కట్టకముందే ఇది చూసుకోవాలి.

డైపర్ వేసే పిల్లల్ని ఈతకొలనులో దిగనివ్వరు. పిల్లల్ని ఆడించే క్లబ్బుల్లోకి చాలా ఓడల్లో మూడేళ్లు నిండినవాళ్లనే తీసుకుంటారు. అంటే ఏడాదిన్నర బిడ్డ ఉన్న తల్లికి ఓడలోనూ ఇంటి పనే. తండ్రీ, తాతా వంతులు వేసుకుని ఎత్తుకుంటారంటే తప్ప ఆ పిల్లను ఐదు రాత్రులకు తీసుకెళ్లకండి. నేను ఈ మాట గట్టిగా చెబుతాను, ఎవరికి కోపమొచ్చినా సరే.

4. ఒక్క రేవు మీద మొత్తం ఆశ పెట్టుకోవద్దు

“గోవా చూడొచ్చు, లక్షద్వీప్ చూడొచ్చు” అని ఊరి పేరు చూసి ఎన్ని రాత్రులో నిర్ణయిస్తారు. ఓడ రేవులో ఉండేది సాధారణంగా ఒక పగలు. అందులో దిగడానికీ తిరిగి ఎక్కడానికీ పోయే సమయం తీసేస్తే చేతిలో ఉండేది కొన్ని గంటలే. లక్షద్వీప్‌లో అగత్తి దగ్గర పగడపు దిబ్బల వల్ల నీటి లోతు చాలదు. ఓడ దూరాన ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళతారు. అల మీద ఊగే పడవలోకి ఓడ పక్కనుంచి అడుగువేయడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. గాలి ఎక్కువైతే ఆ పడవలే ఉండవు.

2022 జూన్‌లో విశాఖ నుంచి చెన్నై వైపు మొదటి క్రూజ్ బయలుదేరినప్పుడు మా ఊరంతా సంబరంగా చూసింది. పుదుచ్చేరిలో మాత్రం ప్రయాణికులు దిగడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఇలాంటివి ఎక్కడైనా జరుగుతాయి, వాతావరణం వల్ల ఇంకా ఎక్కువ. అందుకే రెండు నిండు పగళ్లలో ఒకటి రేవుకు, ఒకటి సముద్రానికి అన్నట్టు ఎంచుకోండి. రేవు తప్పినా ఓడ మిగులుతుంది. అలాగే రేవే లేకుండా సముద్రంలోకి వెళ్లి వచ్చే రెండు రాత్రుల ప్రయాణాలూ చెన్నై నుంచి నడిచాయి. ఒక రోజంతా నీళ్లే చూస్తూ గడపగలమో లేదో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. కుటుంబంతో మొదటిసారికి మాత్రం వద్దంటాను, పిల్లలు “ఎప్పుడు దిగుతాం?” అని ప్రాణం తీస్తారు.

5. నెల చూడకుండా రోజులు ఖాయం చేయొద్దు

సముద్రం నిమ్మళంగా ఉన్నప్పుడు ఐదు రాత్రులు ఇట్టే గడుస్తాయి. పోటు మీద ఉన్నప్పుడు మూడే ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు అరేబియా సముద్రం లేచిపడుతుంది. ముంబై నుంచి తిరిగిన ఎంప్రెస్ ఓడను 2022, 2023 వానాకాలాల్లో చెన్నై వైపు తెచ్చింది అందుకే. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు, హంబన్‌టోట, త్రింకోమలీ రేవులకు, ఐదు రాత్రుల ప్రయాణాలు కూడా మొదలుపెట్టారు.

ఇక మన బంగాళాఖాతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ ఆ నెల గురించి వేరే చెప్పక్కర్లేదు. దసరా సెలవులు ఎక్కువ రోజులు వస్తాయి కదా అని తూర్పు తీరంలో ఐదు రాత్రులు పెట్టుకోవడం నా మనసు ఒప్పుకోదు.

పడమటి తీరంలో డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. సంక్రాంతి సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి. పండగపూట ఇల్లు వదలడం నాకు ఇష్టముండదు కానీ, కనుమ వెళ్లాక బయలుదేరితే పండగా దక్కుతుంది, ప్రయాణమూ దక్కుతుంది. ఆ రోజుల్లో ముంబై నుంచి నాలుగైదు రాత్రులకు నిశ్చింతగా వెళ్లండి.

6. నాలుగో రోజు నాలుక

మన దేశంలో తిరిగే ఓడల్లో శాకాహారానికి, జైన భోజనానికి కూడా లోటు లేదు. సింగపూర్ నుంచి వెళ్లే ఓడల్లోనూ మనవాళ్ల కోసం వండుతున్నారు. ఎంత వండినా నాలుగో రోజుకు పప్పుచారు, గోంగూర గుర్తొస్తాయి. బయటినుంచి వండిన పదార్థాలు తేనివ్వరు. వేడిచేసే కరెంటు సామాన్లు, రైస్ కుక్కరు, కెటిల్ స్కానింగ్ దగ్గరే తీసేసుకుంటారు. కొట్లో కొన్న, సీలు తీయని కారప్పొడి, ఊరగాయ పొట్లాలు తీసుకెళ్లొచ్చేమో ముందే కంపెనీని అడగండి. పెరుగన్నం, ఊరగాయ లేకుండా మీ నాన్నగారు ఎన్ని రోజులు ఉండగలరో మీకు తెలుసు. ఆ లెక్క కూడా వేసుకోండి.

7. గదికీ రోజులకీ లంకె

కిటికీ లేని లోపలి గది చాలా ఓడల్లో 150 చదరపు అడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో మంచం, పైనుంచి దించే బెర్తులు, బాత్రూము, నలుగురి పెట్టెలు. మూడు రాత్రులు పిల్లలకు అదో ఆట. ఐదు దాటితే గొడవలు. డబ్బు ఇంతే ఉందనుకుంటే, ఒకే గదిలో ఏడు రాత్రులకంటే రెండు గదుల్లో నాలుగు రాత్రులు మేలు. మూడో మనిషికీ నాలుగో మనిషికీ టికెట్ తగ్గిస్తారు కాబట్టి ఒకే గది చవక అనిపిస్తుంది, ఆ చవక మూడు నాలుగు రాత్రుల దాకానే.

8. రాత్రికి ఎంత పడిందో చూసి మోసపోవద్దు

ఎక్కువ రోజుల ప్రయాణానికి సాధారణంగా రాత్రికి పడే ధర తగ్గుతుంది. అది చూపించే ఏడు రాత్రులు అంటగడతారు. టికెట్ కాకుండా రోజూ మీటరు తిరిగే ఖర్చులు వేరే ఉంటాయి. అమెరికా కంపెనీల్లో సిబ్బందికిచ్చే టిప్పు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులోనే వేస్తారు. 18 చొప్పున చూసినా ఆరుగురున్న కుటుంబానికి నాలుగు రాత్రులకు 432 డాలర్లు, ఏడింటికి 756. వైఫై రోజు లెక్కే. ప్రతి రేవులోనూ ఊరు చూపించే బస్సు ఖర్చు అదనం. మొత్తం ఖర్చు ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు పోల్చండి.

9. కొన్నిచోట్ల రోజులు తగ్గించే వీలుండదు

సింగపూర్ వెళ్లేవాళ్లకు మూడు రాత్రులు చక్కగా అతుకుతాయి. ఊరు రెండు రోజులు, ఓడ మూడు రాత్రులు. ఓడ మలేసియా వెళ్లి వస్తే మళ్లీ సింగపూర్‌లో ప్రవేశించినట్టే లెక్క. కాబట్టి వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి ఉందో లేదో చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రుల సంగతి మరోరకం. ఫ్లోరిడా నుంచి బహామాస్‌కు శుక్రవారం ఎక్కి సోమవారం దిగే మూడు రాత్రులవి, సోమవారం ఎక్కి శుక్రవారం దిగే నాలుగు రాత్రులవి బోలెడు. రెండోదే తీసుకోండి, వారాంతపు గోల తక్కువ. చిన్న ప్రయాణాలకు పాత ఓడలే వేస్తారన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 2024లో వచ్చిన యుటోపియా ఆఫ్ ది సీస్ అంత పెద్ద కొత్త ఓడను మొదటినుంచీ మూడు నాలుగు రాత్రులకే తిప్పుతున్నారు.

అలాస్కాకు మాత్రం నా ఐదు రాత్రుల హద్దు పనిచేయదు. సియాటిల్ నుంచి జూనో, స్కాగ్వే, కెచికాన్ చుట్టి రావాలంటే దూరాలే అంత, ఏడు రాత్రులు తప్పవు. మంచుకొండలు నీళ్లలోకి విరిగిపడే చోటు అది. అమ్మానాన్నలకు చూపించాలన్న పిల్లల కోరికను నేను కాదనను. రెండు షరతులు పెడతాను. ఒకటి, విమానం దిగిన మొదటి వారంలో ఓడ ఎక్కించొద్దు. నిద్ర వేళలు కుదుటపడనివ్వండి. రెండు, కెనడా వీసా. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో ఎక్కించుకుని మళ్లీ అదే రేవులో దించాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవులో ఆగాలి. అందుకే సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అమెరికా వీసా దానికి సరిపోదు. ఈ కాగితం లేక టెర్మినల్ నుంచే వెనక్కి వచ్చిన పెద్దవాళ్ల గురించి విన్నప్పుడు నా కడుపు తరుక్కుపోయింది. ఏడు రాత్రులకు కట్టిన డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ వయసులో వాళ్లు పడ్డ చిన్నతనం ఒక ఎత్తు.

10. దిగాక ఒక రోజు

ఒడ్డుకు వచ్చాక కూడా ఒక రోజు, రెండు రోజులు నేల ఊగుతున్నట్టే ఉంటుంది. స్నానాల గదిలో కళ్లు మూసుకుంటే బాగా తెలుస్తుంది. పెద్దవాళ్లు తూలి పడే ప్రమాదం ఉంది. ఆ రాత్రే ముంబై నుంచి కారు నడుపుకుంటూ బయలుదేరడం, మర్నాడు పొద్దున్నే పిల్లల్ని బడికి, మీరు ఆఫీసుకు పరిగెత్తడం వద్దు. సెలవు అడిగేటప్పుడే ఈ రోజును కలిపి అడగండి. నాలుగు రాత్రుల ఓడకు ముందు రోజు రేవు ఊరికి చేరడం, తర్వాత ఇంటికి రావడం, ఇంట్లో ఈ ఒక్క రోజు విశ్రాంతి కలిపితే వారం సెలవు కావాలి. అంత దొరకకపోతే ఓడలో ఒక రాత్రి తగ్గించి మూడు తీసుకోండి. ఇంట్లో రోజును మాత్రం తగ్గించకండి.